తీతు 2 నుంచి "లోకంలో ప్రత్యేకంగా జీవించడం" పాఠం: చేయకూడనివాటి చిట్టాగా మారకుండా ఎలా చెప్పాలి?

క్లాస్‌లీడర్ (ప్రశ్న)

అందరికీ వందనాలు. పెద్దల బైబిల్ తరగతికి 6 వారాల పాఠం తయారు చేయాలి. వారానికి 45 నిమిషాలు. 15 మంది దాకా వస్తారు, 18 ఏళ్ల కాలేజీ పిల్లల నుంచి 65 దాటినవాళ్ల వరకు కలిసే కూర్చుంటారు. అంశం "క్రైస్తవుడు లోకంలో ప్రత్యేకంగా జీవించడం, బోధించడం". మూలవాక్యం తీతు 2వ అధ్యాయం, అంటే క్రేతు ద్వీపంలో సంఘాలు చూసుకుంటున్న తీతుకు అపొస్తలుడైన పౌలు రాసిన పత్రికలోది.

ఈ అంశం ఎప్పుడు తీసినా తరగతి రెండు గుంటల్లో ఒకదానిలో పడుతుంది. సినిమా చూడొచ్చా, ఈ పాటలు వినొచ్చా, ఆ బట్టలు వేసుకోవచ్చా అని మొదలై అక్కడే ఆగిపోవడం ఒకటి. "దేవుడు హృదయాన్ని చూస్తాడు కదా" అని ఎవరో అనగానే, ఇక తేడాలేవీ అక్కర్లేదన్నట్టు అందరూ తేలికపడిపోవడం రెండోది. ఉద్యోగాలు చేసేవాళ్లకు కావలసింది ఈ రెండూ కాదు. "లెక్క మార్చి రాయమంటే పై అధికారికి ఏ మాటల్లో చెప్పాలి?" అని అడుగుతారు.

ఎక్కడ మొదలుపెట్టాలి? 45 నిమిషాలు ఎలా పంచుకోవాలి? 5వ వచనం (భార్యలు), 9వ వచనం (దాసులు) దగ్గర వచ్చే ప్రశ్నలకు ఏం సిద్ధం చేసుకోవాలి?

ఆవగింజ

బ్రదర్, ముందు ఒక పదం తేల్చండి: లోకం. అది తేలకపోతే మీరు చెప్పిన రెండు గుంటలూ తప్పవు.

యోహాను 3:16లో దేవుడు లోకాన్ని ప్రేమించాడు. 1 యోహాను 2:15లో లోకాన్ని ప్రేమించకండి అని ఉంది. గ్రీకులో కూడా రెండు చోట్లా ఒకటే మాట, కాస్మోస్. మొదటి చోట అది మనుషులు. రెండో చోట దేవుణ్ణి పక్కనపెట్టి నడిచే తీరు. ఆ తీరు ఏమిటో తర్వాతి వచనమే చెబుతుంది: శరీరాశ, నేత్రాశ, జీవపు డంబం. యోహాను 17లో మూడో వాడుక ఉంది, శిష్యులు నిలబడాల్సిన చోటు అని. 15వ వచనంలో ప్రభువు వాళ్లను లోకంలోనుంచి తీసుకుపొమ్మని అడగడం లేదంటాడు, 18లో లోకానికి పంపాను అంటాడు. బోర్డు మీద ఈ మూడూ రాసి, పక్కన మనుషులు, తీరు, చోటు అని రాయండి. మనుషులకు దూరంగా జరిగి, ఆ తీరును మాత్రం ఇంట్లోనే ఉంచుకోవడం ఎంత సులువో తరగతి తనంతట తానే చూస్తుంది. నేత్రాశకు గడప దాటక్కర్లేదు గదా.

రెండో చిక్కు మన తెలుగు బైబిలు వల్ల వచ్చేది. రోమా 12:2లో "ఈ లోక మర్యాదను అనుసరింపక" అని ఉంది. 18 ఏళ్ల పిల్లలకు మర్యాద అంటే పెద్దలొస్తే లేచి నిలబడటం, పేరు చివర గారు చేర్చడం. బయటివాళ్లతో మర్యాదగా ఉండనక్కర్లేదేమో అనుకునే ప్రమాదం ఉంది, కొందరి మాటతీరు చూస్తే ఎప్పుడో అనుకున్నారనిపిస్తుంది. పాత తెలుగులో మర్యాద అంటే కట్టుబాటు, నడత, హద్దు. లోకం పోకడకు ఒదిగిపోకండి అన్నది అక్కడి భావం. మనమిప్పుడు మర్యాద అనేదాన్ని తీతు 3:2 గట్టిగానే అడుగుతుంది: ఎవరినీ దూషించకూడదు, జగడమాడకూడదు, మనుషులందరి పట్ల సంపూర్ణమైన సాత్వికం చూపాలి.

ఇక తీతు 2. దీన్ని 1 నుంచి 15 దాకా వరుసగా చెప్పకండి. 11వ వచనం "ఏలయనగా" అని మొదలవుతుంది. అంటే పైన 10 వచనాల్లో చెప్పిన నడతకు కారణం కింద ఉంది. కారణం చెప్పకుండా నడత ఒక్కటే మూడు వారాలు చెబితే అది చిట్టా అయి కూర్చుంటుంది, ఆ తర్వాత ఎంత కృప గురించి చెప్పినా ఎక్కదు. 11–14 ముందు పెట్టండి.

ఆ వాక్యంలో కర్త ఎవరో చూడమనండి. "దేవుని కృప ప్రత్యక్షమై... మనకు బోధించుచున్నది." బోధించేది కృప. ఇక్కడ వాడిన గ్రీకు క్రియ పిల్లల్ని పెంచడానికి వాడేది: దిద్దడం, అలవాటు చేయడం, అవసరమైతే దండించడం. హెబ్రీ 12:6లో ప్రభువు తాను ప్రేమించేవాణ్ణి శిక్షిస్తాడన్న చోట ఉన్నదీ అదే క్రియ. "హృదయాన్ని చూస్తాడు" అనేవాళ్లకు ఇదే జవాబు. కృప చూసీ చూడనట్టు వదిలేసేది కాదు, చేయి పట్టుకుని దిద్దించేది. చిట్టా రాసేవాళ్లకూ ఇదే జవాబు. దిద్దేది కృప అయినప్పుడు ఆ బెత్తం మన చేతికి ఇవ్వలేదు.

తరగతికి కాగితం, పెన్సిల్ ఇచ్చి చేయించదగ్గ పని ఒకటుంది. 2వ అధ్యాయంలో "స్వస్థబుద్ధి" (అదుపులో ఉన్న మనసు) ఎన్నిసార్లు వస్తుందో గుర్తుపెట్టమనండి: 2, 5, 6, 12. 4వ వచనంలోని "బుద్ధిచెప్పుచు" కూడా మూలంలో అదే కుటుంబపు మాట, కాబట్టి అయిదు. ముసలివాళ్లు, పడుచువాళ్లు, ఆడవాళ్లు, మగవాళ్లు అందరికీ చెప్పింది ఇదొక్కటే. తర్వాత "అట్లు" అనే ప్రయోజనాలు వెతకమనండి. 5లో దేవుని వాక్యం దూషింపబడకుండునట్లు, 8లో పరపక్షంవాడు సిగ్గుపడునట్లు, 10లో ఉపదేశాన్ని అలంకరించునట్లు. మూడూ బయటివాడు చూస్తున్నాడన్న ఎరుకతో రాసినవే. లోకం నుంచి పారిపోయినవాడు దేన్ని అలంకరిస్తాడు? చూసేవాడే లేడు.

క్రేతు నేపథ్యం రెండు నిమిషాలు చాలు, కానీ వదలకండి. 1:12లో క్రేతీయుల సొంత ప్రవక్తే వాళ్లను అబద్ధికులు, దుష్టమృగాలు, సోమరి తిండిపోతులు అన్నాడు. దానికి పది వచనాల ముందే, 1:2లో, దేవుడికి పౌలు పెట్టిన విశేషణం "అబద్ధమాడనేరని" అని. అబద్ధానికి పేరుపడిన చోట అబద్ధమాడని దేవుణ్ణి ప్రకటించేవాళ్లు ఎలా కనిపించాలి? మూడు అధ్యాయాలు, 46 వచనాల పత్రిక అంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

సండేస్కూల్‌అక్క

ఆవగింజ గారు వాక్యం విప్పారు, నేను తరగతి నడిపే సంగతి చెబుతాను.

45 నిమిషాలు 5, 15, 15, 10గా పంచుకోండి. మొదటి 5 పోయిన వారం పని ఎలా జరిగిందో అడగడానికి. తర్వాత 15 వాక్యం. 15 చిన్న గుంపుల్లో ఒక సందర్భం మీద మాట. చివరి 10 అందరూ కలిసి, అందులోనే ప్రార్థన. సాధారణంగా తప్పు జరిగేది రెండో ముక్కలో. బోధకుడికి ఊపు వచ్చి 15 కాస్తా 30 అవుతుంది, గుంపులకు 5 మిగులుతాయి, అందరూ మంచి పిల్లల్లా తలూపి వెళ్లిపోతారు. గడియారం మీకు కనబడేలా పెట్టుకుంటే చాలదు. సమయం అయిందని చేయెత్తే మనిషిని ఒకరిని ముందే పెట్టుకోండి.

15 మందిని ముగ్గురేసి అయిదు గుంపులు చేయండి. అయిదుగురేసి అయితే ఇద్దరు మాట్లాడతారు, ముగ్గురు వింటారు. ప్రతి గుంపులో వయసులో పెద్ద ఒకరు, చిన్న ఒకరు ఉండాలి. 2:3–4లో పెద్ద స్త్రీలు పడుచువాళ్లకు నేర్పాలన్నది గుంపు రూపంలో జరిగిపోతుంది. భార్యాభర్తలను వేర్వేరు గుంపుల్లో వేయండి, ఒకరి జవాబు ఇంకొకరు దిద్దుతూ కూర్చోకుండా ఉంటారు. కుటుంబ విషయాలు వచ్చే వారం మాత్రం ఆడవాళ్లు ఆడవాళ్లతో, మగవాళ్లు మగవాళ్లతో.

వారాల వరుస ఇలా అనుకోండి. మొదటి వారం లోకం అనే మాట, యోహాను 17. రెండోది తీతు 2:11–14. మూడోది 2:1–8. నాలుగోది ఎఫెసీ 4:25–32. అయిదోది పనిచేసే చోటు: తీతు 2:9–10, కొలస్సీ 3:22–4:1, దానియేలు 1. ఆరోది నోటి మాట: 1 పేతురు 3:15–16, కొలస్సీ 4:5–6, తీతు 3:1–3.

నాలుగో వారం మీద ఎక్కువ కష్టపడండి, చిట్టా రోగానికి మందు అక్కడుంది. కాగితం మీద మూడు నిలువు వరుసలు గీయించండి: విడిచేది, వేసుకునేది, ఎందుకు. 25వ వచనం: అబద్ధం విడిచి, నిజం మాట్లాడాలి, ఎందుకంటే ఒకరికొకరం అవయవాలం. 28: దొంగతనం మానేస్తే సరిపోదు, చేతులతో కష్టపడాలి, అక్కరలో ఉన్నవాడికి పంచడానికి. 29: దుర్భాష నోట రాకూడదు, వినేవాడికి మేలయ్యే మాట రావాలి, అతని అవసరాన్ని బట్టి. 31–32: ద్వేషం, కోపం, అల్లరి పోవాలి, దయ, క్షమ రావాలి, క్రీస్తులో దేవుడు మిమ్మల్ని క్షమించాడు కాబట్టి. మామూలు తరగతుల్లో మొదటి వరుస ఒక్కటే నిండుతుంది, మిగతా రెండు ఖాళీ. దొంగతనం మానినవాడు ఇంకా దాత కాలేదంటే పౌలు లెక్కలో పని సగమే అయింది. ఇది నింపాక ఎవరికి వారు తమ జీవితంలోంచి అయిదో అడ్డవరుస ఒకటి రాసుకోవాలి. అది ఎవరికీ చూపించనక్కర్లేదని ముందే చెప్పండి, లేకపోతే "ప్రార్థన తక్కువైంది" అని గౌరవంగా కనిపించే పాపమే రాస్తారు.

ఇక సందర్భాలు. "ఉద్యోగంలో అబద్ధం చెప్పొచ్చా?" అనేది సందర్భం కాదు, అందరూ వద్దంటారు, రెండు నిమిషాల్లో అయిపోతుంది. మంచి సందర్భంలో నాలుగు ఉండాలి: ఒక సంబంధం, సమయం ఒత్తిడి, కాదంటే పడే నష్టం, ఆ నష్టం తగిలే మూడో మనిషి. ఉదాహరణకు ఇది వాడుకోండి: "నెలాఖరు నివేదికలో 94 శాతం అయిన పనిని 100 అని వేయమని టీమ్ లీడర్ అడిగాడు. మిగిలింది రెండు రోజుల్లో ఎలాగూ అయిపోతుంది. వేయకపోతే టీమ్ మొత్తానికి బోనస్ పోతుంది. టీమ్‌లో ఒకరి ఇంట్లో ఆసుపత్రి ఖర్చులున్నాయి." ఇప్పుడు గుంపుకు 15 నిమిషాలు చాలవు. "ఏం చేయాలి?" అని అడిగి వదలకండి. "రేపు పొద్దున ఆయనతో అనబోయే మొదటి వాక్యం రాయండి" అనండి. చేయాల్సిందేమిటో ఎక్కువమందికి తెలుసు, నోరు తెరిచాక మొదటి మాట ఏదో తెలియక ఆగిపోతారు.

ఇంటికి ఒక్క పనే ఇవ్వండి, ఆ వారంలోనే చేయగలిగింది. "ప్రేమగా ఉండండి" అంటే లెక్క తేలదు. "ఒకరి గురించి వాళ్లు లేనప్పుడు వచ్చిన మాటను ఒకసారి ఆపండి, లేదా మళ్లించండి" అంటే చేశారో లేదో తెలుస్తుంది.

పాతనిబంధన

అక్క పెట్టిన 94 శాతం సందర్భానికి దానియేలు 1 సరిగ్గా సరిపోతుంది. ఆ అధ్యాయాన్ని ఆహారనియమాల పాఠంగా చెప్పి వదిలేస్తుంటారు, అసలు అందులో ఉన్నది కాదనే పద్ధతి.

ముందు, బబులోను రాజు కొలువుకు బందీగా తెచ్చిన దానియేలు ఒప్పుకున్నవి చూడండి. కల్దీయుల భాష, విద్య నేర్చుకున్నాడు, మూడేళ్ల శిక్షణకు ఒప్పుకున్నాడు. బెల్తెషాజరు అన్న పేరు పెడితే దాని మీద తగాదా పెట్టుకున్నట్టు ఎక్కడా లేదు. రాజు కొలువులో పనిచేశాడు. కాదన్నది ఒక్కటే, రాజు భోజనం, ద్రాక్షారసం. అన్నింటికీ కాదనేవాడి కాదుకు విలువ ఉండదు. తరగతిలో రెండు వరుసలు గీసి "ఒప్పుకున్నాడు", "కాదన్నాడు" నింపించండి. మొదటి వరుస పొడవు చూసి చాలామంది ఆశ్చర్యపోతారు.

తర్వాత ఎలా కాదన్నాడో. మనసులో ముందే నిర్ణయించుకున్నాడు (8వ వచనం), పళ్లెం ముందుకొచ్చాక ఆలోచించలేదు. ప్రకటన చేయలేదు, సెలవిమ్మని వేడుకున్నాడు. అధిపతి తన ప్రాణానికే ముప్పని చెబితే (10) ఆ భయాన్ని కొట్టిపారేయలేదు. కింది అధికారి దగ్గరకు వెళ్లి, శాకధాన్యాలు, నీళ్లతో 10 రోజుల పరీక్ష అడిగాడు. గడువుంది, కొలిచే పద్ధతుంది, చివరి నిర్ణయం ఆ అధికారి చేతిలోనే ఉంది.

94 శాతం దగ్గర ఇదే వాడండి. నివేదిక ఇచ్చే రోజు పొద్దున కాదు, అడిగిన సాయంత్రమే టీమ్ లీడర్‌ను ఒంటరిగా కలవాలి. "సార్, 100 అని నేను వేయలేను, అది నిజం కాదు. 94 అని వేసి, మిగతా 6 శాతం ఏ తేదీకి అవుతుందో కింద రాస్తాను. ఈ రెండు రోజులు అదనపు గంటలు నేను కూర్చుంటాను. గడువు రెండు రోజులు పొడిగించమని పైన అడుగుదామా? మీతో నేనూ వస్తాను." ఇందులో "మా మతం ఒప్పుకోదు" అన్న మాట లేదు, గమనించండి. మొదటి వాక్యంలోనే మతం తెస్తే వినేవాడికి తాను పాపినన్న మాట ఒక్కటే వినబడుతుంది. ఎందుకింత పట్టుదల అని ఆయన అడిగితే అప్పుడు చెప్పాలి. 1 పేతురు 3:15లో జవాబు "హేతువు అడుగు ప్రతివానికిని", అదీ సాత్వికంతో, భయంతో.

అదనపు గంటలు కూర్చుంటాననడం అలంకారానికి కాదు. నీ నిజాయితీ ఖర్చు టీమ్ నెత్తిన పడేసి నువ్వు సాయంత్రం 5కి ఇంటికి వెళ్తే, నిజం చెప్పినా సాక్ష్యం చెడుతుంది. దానియేలు 6:4 మర్చిపోవద్దు. శత్రువులు అతని పనిలో తప్పు వెతికారు, దొరకలేదు. ఆలస్యంగా వచ్చి, పని ఎగ్గొట్టి, అబద్ధం దగ్గర మాత్రం నీతి గుర్తొచ్చే మనిషి మాట ఎవరికీ ఎక్కదు.

ఒక హెచ్చరిక. 10 రోజుల్లో ముఖాలు కళకళలాడాయని చెప్పి పాఠం ముగించకండి. నిజం చెబితే బోనస్ వస్తుందని దేవుడు మాటివ్వలేదు. దానియేలు 3:18లో అగ్నిగుండం ముందు నిలబడిన అతని ముగ్గురు స్నేహితులు అన్న "ఒకవేళ ఆయన రక్షింపకపోయినను" పక్కన పెట్టి చదవండి. ఉద్యోగం పోవచ్చు. పోతే ఆ కుటుంబానికి సంఘం ఏం చేస్తుందో పెద్దలతో ముందే మాట్లాడి ఉంచడం ఈ పాఠంలో భాగమే.

కాపలాదారు

అంతా బాగుంది గానీ, ఇక్కడందరూ లోకంతో సర్దుకుపోవడమే నేర్పుతున్నట్టుంది. "వారి మధ్యనుండి బయలువెడలి ప్రత్యేకముగా ఉండుడి" అని 2 కొరింథీ 6:17 స్పష్టంగా చెబుతుంటే మీరు దాన్ని ముట్టుకోనేలేదు. అవిశ్వాసులతో జోడుగా ఉండకూడదు. స్నేహాలు తెంచుకోమని చెప్పకుండా ప్రత్యేకత ఎక్కడినుంచి వస్తుంది?

ఆవగింజ

కాపలాదారు గారు, ఆ వాక్యం తప్పకుండా చెప్పాలి, అది లేని పాఠం నిజంగానే మెతకైపోతుంది. కాకపోతే అదే కొరింథు సంఘానికి అదే పౌలు 1 కొరింథీ 5:9–10లో ఏమన్నాడో దాని పక్కన పెట్టి చదవాలి. జారులతో సాంగత్యం వద్దని రాశాను గానీ ఈ లోకపు జారుల గురించి కాదు, ఆలాగైతే మీరు లోకంలోనుంచే వెళ్లిపోవలసి వస్తుంది కదా అన్నాడు. తర్వాతి వచనంలో దూరం ఉండమన్నది సహోదరుడనిపించుకుంటూ అలా బతికేవాడికి. మనం తిరగేస్తుంటాం: లోపలివాణ్ణి చూసీ చూడనట్టు వదిలేసి, బయటివాణ్ణి దూరం పెడతాం.

"జోడు" అంటే కాడి. ద్వితీయోపదేశకాండం 22:10లో ఎద్దును, గాడిదను జతచేసి దున్నవద్దన్న మాట దీని వెనక ఉంది. కాడికి మూడు గుర్తులు: ఇద్దరూ ఒకే దిక్కుకు నడవాల్సిందే, ఒకరు ఆగితే రెండోవారు ఆగాల్సిందే, ఎప్పుడంటే అప్పుడు విప్పుకోవడం కుదరదు. పెళ్లి కాడి. అన్ని నిర్ణయాలూ ఇద్దరూ కలిసి సంతకం పెట్టాల్సిన వ్యాపార భాగస్వామ్యం చాలామటుకు కాడి. పక్కింటివాళ్లతో స్నేహం, ఒకే ఆఫీసులో ఉద్యోగం, కలిసి చదవడం కాడి కావు. ఈ మూడు గుర్తులతో కొలవమంటే తరగతి తానే తేల్చుకుంటుంది.

ఆరాధన విషయానికొస్తే 1 కొరింథీ 10 మూడు చోట్లను విడదీస్తుంది. విగ్రహారాధన బల్ల దగ్గర పాలు పంచుకోవడం, వద్దు (14–21). అంగడిలో అమ్మేది, విచారణ చేయకుండా తినండి (25). అవిశ్వాసి భోజనానికి పిలిస్తే వెళ్లాలనుకుంటే వెళ్లండి, పెట్టింది తినండి, ఇది బలి అర్పించినదని ఎవరైనా చెబితే మాత్రం అతని మనస్సాక్షి కోసం తినవద్దు (27–29). భోజనం ఒకటే, చోటును బట్టి జవాబు మారింది. భోజనానికి పిలిచే స్నేహాలు కొరింథు విశ్వాసులకు ఉంటాయనే పౌలు అనుకున్నాడు.

2వ శతాబ్దంలో దియోగ్నేతుకు రాసిన పత్రిక ఒకటుంది, రాసినవారి పేరు తెలియదు. క్రైస్తవులు దేశాన్ని బట్టో భాషను బట్టో వేరుగా కనబడరని, అందరిలాగే పెళ్లాడి పిల్లల్ని కంటారు గానీ పుట్టిన బిడ్డను పారేయరని, భోజనపు బల్ల పంచుకుంటారు గానీ పడక పంచుకోరని అందులో ఉంది. మీరడిగిన ప్రత్యేకత ఆ "గానీ" తర్వాత ఉంది.

నోట్‌బుక్

5, 9 వచనాల గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను.

5వ వచనంలో "ఇంట ఉండి పనిచేసికొనువారు" అన్నది ఉద్యోగం చేసే స్త్రీలకు గుచ్చుకుంటుంది. 1 తిమోతి 5:13తో కలిపి చదివించండి. అక్కడ పౌలు బాధ పనీపాటా లేకుండా ఇంటింటా తిరిగి అక్కడి మాట ఇక్కడ చెప్పేవాళ్ల గురించి. బయట పనిచేయడం తప్పన్న అర్థం తీస్తే సామెతలు 31:16లో పొలం చూసి కొనే స్త్రీ, అపొస్తలుల కార్యములు 16:14లో ఊదారంగు పొడి అమ్మే లూదియ, 18:3లో డేరాలు కుట్టే ప్రిస్కిల్ల అందరూ తప్పుచేసినవాళ్లవుతారు.

"లోబడి" అనే మాట దగ్గర చాలా జాగ్రత్త. భర్తలు భార్యలను ప్రేమించాలన్న ఎఫెసీ 5:25 చదవకుండా తీతు 2:5 ఒక్కటే చదవకండి. దెబ్బలు తింటున్న స్త్రీ ఆ 15 మందిలో ఉండవచ్చు, ఆమెకు మీ పాఠం "తిరిగి వెళ్లి ఓర్చుకో" అన్నట్టు వినబడకూడదు. హింసకు లోబడమని ఈ వాక్యం చెప్పడం లేదని నోరు తెరిచి ఒక వాక్యంలో అనండి. పాఠమయ్యాక ఎవరైనా వచ్చి చెప్పుకుంటే భర్తను పిలిచి ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టకండి, ఇంటికి వెళ్లాక దాని ఫలితం ఆమే అనుభవిస్తుంది. ముందు ఆమె భద్రత చూడాలి, తర్వాత చట్టపరమైన సహాయం, ఆ తర్వాతే మిగతావి. చిన్నపిల్లలకు హాని జరుగుతోందని తెలిస్తే "ఎవరికీ చెప్పను" అని మాటివ్వకండి, అది అధికారులకు చేరాల్సిందే.

9వ వచనంలో దాసుల గురించి: పౌలు దాస్యాన్ని మెచ్చుకున్నాడా అని కాలేజీ పిల్లలు అడుగుతారు. 1 తిమోతి 1:10లో మనుషుల్ని దొంగిలించి అమ్మేవాళ్లను ధర్మశాస్త్రం ఖండించే పాపుల్లో చేర్చాడు, 1 కొరింథీ 7:21లో స్వతంత్రుడయ్యే అవకాశముంటే వాడుకొమ్మన్నాడు. ఇప్పటి ఉద్యోగాన్ని దానికి సమానం చేసేయకండి, మనం రాజీనామా ఇవ్వగలం, వాళ్లు ఇవ్వలేరు. అయినా ఉపదేశాన్ని అలంకరించే గౌరవాన్ని పౌలు ఇచ్చింది, ఏ హక్కూ లేని ఆ మనుషులకు. ఆ క్రియ నగలతో సింగారించడానికి కూడా వాడేదే. కొంచెం కూడా అపహరించకుండా నమ్మకంగా పనిచేసిన దాసుడు దేవుని మాటకు నగ పెట్టినట్టే.

ఇంకొకటి, బోధించేవాళ్లకు. 7–8 వచనాలు ప్రత్యేకంగా తీతుకే: నడతలో మాదిరి, మాటలో ఎవరూ ఆక్షేపించలేని హితవాక్యం. "హితబోధ" అంటే తియ్యటి మాటలనుకుంటాం, మూలంలో అది ఆరోగ్యంగా ఉన్న బోధ, జబ్బులేనిది. ఆచరణలో ఇది చాలా చిన్న విషయాల్లో తేలుతుంది. ఫోన్‌లో ఫార్వర్డ్ అయి వచ్చిన అద్భుత సాక్ష్యం ఎవరిదో, ఎక్కడిదో తెలియకుండా పాఠంలో చెప్పకండి. ఇంకొకరి ప్రసంగంలోని ఉదాహరణను మీకే జరిగినట్టు చెప్పకండి. జవాబు తెలియని ప్రశ్న వస్తే "తెలియదు, వచ్చే వారం చూసి చెబుతాను" అని, నిజంగా వచ్చే వారం చెప్పండి. అబద్ధమాడనేరని దేవుడి గురించి అతిశయోక్తులతో చెప్పడం కంటే పెద్ద వైరుధ్యం ఉండదు. యాకోబు 3:1 బోధకులకు మరి కఠినమైన తీర్పు అన్నది ఊరికే కాదు.

క్లాస్‌లీడర్

అందరికీ చాలా వందనాలు. వరుస మార్చుకున్నాను, 11–14 ముందు పెడుతున్నాను. ఒక్క సందేహం మిగిలింది. 2:6లో యువకులకు ఒక్క మాటే ఉంది, స్వస్థబుద్ధి. మిగతావాళ్లకు ఇన్నిన్ని చెప్పి వీళ్లకు ఒక్కటేనా? దాంతో వాళ్లకు వారమంతా ఏ పని ఇవ్వాలి?

సండేస్కూల్‌అక్క

ఒక్కటే గానీ చిన్నది కాదు తమ్ముడూ. 7వ వచనం మొదట మూలంలో ఉన్న "అన్ని విషయాల్లో" అనే మాటను కొందరు 6కు కలిపి చదువుతారు. అలా చదివితే యువకులకు ఇచ్చిన ఆ ఒక్కటీ అన్నింటినీ చుట్టేస్తుంది.

పని మాత్రం అన్నింటి మీదా ఇవ్వకండి. రాత్రి ఫోన్, కోపం, డబ్బు ఖర్చు, చదువు వాయిదా వేయడం, ఈ నాలుగింటిలో ఒక్కటి వాళ్లనే ఎంచుకోమనండి. హద్దు అంకెలో ఉండాలి. "ఫోన్ తగ్గిస్తాను" కాదు, "రాత్రి 10:30కి ఫోన్ వేరే గదిలో పెడతాను". దాని బదులు ఏం చేస్తారో కూడా రాయాలి, నాలుగో వారం మూడు వరుసలు గుర్తుంచుకోండి. ఏడు రోజులు చిన్న కాగితం మీద రోజుకో టిక్కు. వారం చివర ఆ కాగితం గుంపులోని పెద్దాయనకు చూపించాలి, మీకు కాదు. ఆ పెద్దాయన కూడా తన హద్దు ఒకటి రాసుకుని తన కాగితం ముందు చూపించాలి. 2వ వచనంలో వృద్ధులకూ ఇదే మాట ఉందిగా.

ఏడింటిలో నాలుగే టిక్కులు వస్తే ఉపన్యాసం ఇవ్వొద్దని పెద్దవాళ్లకు ముందే చెప్పి ఉంచండి. "ఏ రోజు తప్పింది? ఆ సాయంత్రం అంతకుముందు ఏం జరిగింది?" అని అడిగి, రెండో వారానికి హద్దును పావుగంట ఇటో అటో మార్చుకోనిస్తే చాలు.